చవక దీపం – చివరి వరుస

“దీపం క్రింద చీకటి” అని తెలుగువారంటారు. “చిరాగ్ తలే అంధేరా” అని ఉర్దూవారంటారు. ఈ మాట ఏ భాష నుండి ఏ భాషకు వెళ్ళినదో తేల్చడం ఇక్కడ మా పని కాదు గాని, రెండు భాషల వారికీ ఆ అనుభవం సమానమేనన్నది స్పష్టం. ఆ రెండు భాషలలోనూ వెలువడే ఈ వార్షిక సంచికలో మేము ఈసారి ఒక దీపాన్ని గూర్చి వ్రాయదలచాము. అది కవులు వర్ణించే జ్ఞానదీపం కాదు. మన సెమినారు హాలు పైకప్పునకు వ్రేలాడుతున్న ప్రొజెక్టరులోని దీపం. వ్యాసరచనకు ఇంతకంటె ఘనమైన విషయం దొరకలేదా అని పాఠకులు నవ్వుకొనవచ్చును. నిజమే, వస్తువు చిన్నది. కాని దానిని కొనే సమయంలో మన విద్యాసంస్థలు ఆలోచించే తీరు మాత్రం చిన్న విషయం కాదు. అందుచేతనే ఈ ప్రయత్నం.

జరిగిన సంగతి మొదట చెప్పుకొందాము. 2022 జులై నెలలో మా ప్రొజెక్టరు దీపం ఆరిపోయినది. అది యంత్రంతో పాటు వచ్చిన దీపం. యంత్రంలో నమోదయ్యే గంటల లెక్క ప్రకారం అప్పటికది 3,000 గంటలు వెలిగినది. క్రొత్తది కొనడానికి అలవాటు ప్రకారం మూడు కొటేషన్లు తెప్పించారు. యంత్రాన్ని తయారు చేసిన సంస్థ పేరుతో వచ్చే దీపం 11,000 రూపాయలు. “ఇదీ దానికి సరిపోయేదే, తేడా ఏమీ ఉండదు” అంటూ ఒక దుకాణం వారు చూపిన దీపం 2,800 రూపాయలు. మూడవది ఈ రెంటికీ నడుమ, 5,900 రూపాయలు.

మాది సంపన్నమైన సంస్థ కాదు. ప్రభుత్వం నుండి రావలసిన బోధనా రుసుములు ఎప్పుడు వస్తాయో తెలియని స్థితిలో ప్రతి రూపాయికీ పది అవసరాలు చేతులు చాచి నిలబడతాయి. గ్రంథాలయంలోని నిఘంటువులు అట్టలు ఊడి, పుటలు చిరిగి ఉన్నాయి. చవక దీపం కొంటే 8,200 రూపాయలు మిగులుతాయి. ఆ సొమ్ముతో నిఘంటువులు కొనవచ్చును. వాదన సమంజసంగానే తోచినది. కమిటీలోని నలుగురమూ ఆ కాగితం మీద సంతకం చేశాము. ఆ నిఘంటువుల మాట ముందుగా ఎత్తినది కూడా మేమే. కావున ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పు పట్టవలసి వస్తే, ఆ వరుసలో మొదటి స్థానం మాదేనని పాఠకులు గ్రహింతురు గాక.

క్రొత్త దీపం బిగించిన మొదటి వారం అందరమూ సంతోషించాము. తెర తెల్లగా మెరిసినది. పాతదాని కంటె ఇదే బాగున్నదని కొందరన్నారు కూడా. ఆ తరువాత వెలుగు ఏ రోజున తగ్గడం మొదలయినదో ఎవరూ చెప్పలేరు. దీపం ఒక్కసారిగా ఆరిపోతే అందరికీ తెలుస్తుంది. రోజుకు రవ్వంత చొప్పున తగ్గిపోతే ఎవరికీ తెలియదు. పైగా మేము తెర ప్రక్కనే నిలబడతాము. తెర మీద ఏమున్నదో మాకు ముందే తెలుసు, దానిని తయారు చేసినవారమే మేము. తెలిసినవానికి మసకలో కూడా అక్షరం కనబడుతుంది. తెలియనివానికే వెలుగు కావాలి. ఈ చిన్న సత్యం మాకు ఆరు నెలల వరకు స్ఫురించలేదు.

2023 జనవరిలో మేము డిగ్రీ విద్యార్థులకు అలంకారాలు బోధిస్తున్నాము. శబ్దాలంకారాలు ముగించి అర్థాలంకారాలలో ప్రవేశించాము. ఉపమ, ఉత్ప్రేక్ష, అర్థాంతరన్యాసము మొదలైన వాటి లక్షణాలను తెర మీద చూపి వ్రాసుకొమ్మన్నాము. మరుసటి వారం నోటు పుస్తకాలు దిద్దుతుండగా ఒక విద్యార్థిని పుస్తకంలో “అర్ధాలంకారాలు” అని కనబడినది. ఒకచోట కాదు, నాలుగు పుటలలో ప్రతి చోటా అదే. తెలుగు చదివినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు. “అర్థము” అంటే భావం. “అర్ధము” అంటే సగం. థకారానికీ ధకారానికీ నడుమ ఉన్న భేదం ఒక్క చుక్క. ఆ చుక్క పోతే భావం కాస్తా సగమైపోతుంది.

ఈ తప్పు మన విద్యార్థులలో సర్వసాధారణమే. “కథ”ను “కధ” అనీ, “రథము”ను “రధము” అనీ వ్రాసేవారిని ఏటేటా చూస్తూనే ఉన్నాము. అందుచేత మాకు కోపం వచ్చినది. ఆ అమ్మాయిని లేపి, “చూచి వ్రాయడం కూడా రాకపోతే ఎట్లా?” అని అందరి ముందు అన్నాము. ఆమె పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినది. తెలుగును ద్వితీయ భాషగా పట్టుదలతో నేర్చుకొంటున్నది. ఇంట్లో ఆమెకు ముందు కళాశాల గడప త్రొక్కినవారు లేరు. ఆమె కొంతసేపు తల వంచుకొని నిలబడి, “చూసే రాశాను సార్, తెర మీద చుక్క లేదు” అన్నది.

తరగతిలో కొందరు నవ్వారు. మేము కూడా అది సాకు అనే అనుకొన్నాము. కాని ఆ మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు అదే పాఠాన్ని తెర మీద పెట్టి, వెళ్ళి చివరి వరుసలో ఆమె కూర్చునే చోట కూర్చున్నాము. కిటికీల తెరలు వేసినా సందులలో నుండి ఎండ వస్తున్నది. తెర బూడిద రంగులో ఉన్నది. అక్షరాల ఆకారాలు తెలుస్తున్నాయి గాని థకారంలోని చుక్క లేదు. ఎంత తేరిపార చూచినా లేదు. ఆమె ఉన్నది ఉన్నట్లు వ్రాసినది. లేని చుక్కను మేమే మా జ్ఞాపకంలో నుండి చూస్తూ వచ్చాము.

ఈ సంగతి ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకులకు చెప్పగా ఆయన విచారంగా నవ్వి, “మీకు ఒక్క థకారంతో పోయింది, మా సంగతి ఆలోచించారా?” అన్నారు. ఉర్దూ లిపిలో అక్షరాలకు ప్రాణం నుక్తాలలోనే ఉన్నది. పదం నడుమ వచ్చినప్పుడు బే, పే, తే, నూన్ అన్నింటికీ ఆకారం ఒక్కటే. క్రింద ఒక చుక్క ఉంటే బే, మూడుంటే పే, పైన రెండుంటే తే, ఒకటుంటే నూన్. జీమ్, ఖే అక్షరాల వంపు కూడా ఒక్కటే. చుక్క పైన ఉంటే ఖే, క్రిందికి దిగితే జీమ్. అందువలననే చుక్క చోటు మారితే “ఖుదా” కాస్తా “జుదా” అవుతుందని ఉర్దూ పంతుళ్ళు పిల్లలను హెచ్చరిస్తారు. మొదటిది దైవం, రెండవది ఎడబాటు. నస్తాలీఖు దస్తూరీలో సన్నగా ఉండే ఆ చుక్కలను మసకబారిన తెర మీద చివరి వరుస నుండి చదవమనడం విద్యార్థికి పరీక్ష కాదు, శిక్ష.

వెయ్యి సంవత్సరాల క్రితం బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైతమ్ “కితాబ్ అల్ మనాజిర్” అనే గ్రంథంలో చూపును గూర్చి విపులంగా చర్చించాడు. కంటిలో నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకినప్పుడు మనకు చూపు కలుగుతుందని ఆయనకు పూర్వం పలువురు నమ్మేవారు. ఆయన ఆ మతాన్ని ఖండించి, వస్తువు నుండి వెలుగు వచ్చి కంటిని చేరితేనే చూపు సాధ్యమని నిరూపించాడు. “కళ్ళు పెట్టి చూడు” అని విద్యార్థిని గద్దించే ఉపాధ్యాయుడు తెలియకుండానే ఆ పాత సిద్ధాంతాన్ని పట్టుకొని ఉన్నాడు. లోపం కంటిలో లేనప్పుడు, రావలసిన వెలుగు రానప్పుడు, గద్దింపు ఎవరికి చెల్లవలెను?

ఇంతకూ ఆ దీపం ఎందుకు మసకబారినది? ఇది తెలిసికొనడానికి దాని నిర్మాణాన్ని కొంచెం పరిశీలించాలి. ఇంట్లో వాడే బల్బు వంటిదే ఇదీ అని చాలామంది భావిస్తారు. కాదు. ఇది పాదరసపు ఆవిరి దీపం. ఫిలిప్స్ సంస్థ 1995లో ఈ తరహా దీపాన్ని ప్రవేశపెట్టినది. చిక్కుడు గింజంత క్వార్ట్జ్ గాజు బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడులు ఎదురెదురుగా ఉంటాయి. వాటి నడుమ ఎడం సుమారు 1 మిల్లీమీటరు. ఆ సందులో విద్యుత్ చాపం వెలుగుతుంది. లోపల పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 200 రెట్లు. వెలుగు అంత చిన్న బిందువు నుండి పుట్టడం వలననే దాని వెనుక ఉన్న పరావర్తక దర్పణం దానిని ఒడిసిపట్టి కటకాల గుండా తెర మీదికి పంపగలుగుతుంది. ఆ బిందువు దర్పణపు నాభి నుండి అర మిల్లీమీటరు ప్రక్కకు జరిగినా వెలుగు దారి తప్పి యంత్రంలోనే వేడిగా మిగిలిపోతుంది.

ఇంకొక విశేషం కలదు. చాపపు వేడికి ఎలక్ట్రోడుల నుండి టంగ్‌స్టన్ ఆవిరై గాజు గోడలకు అంటుకొని నల్లబరుస్తుంది. దీనిని నివారించడానికి లోపల అతి స్వల్ప పరిమాణంలో బ్రోమిన్ వంటి హాలోజన్‌ను చేరుస్తారు. అది గోడ మీది టంగ్‌స్టన్‌ను తిరిగి ఎలక్ట్రోడుల వద్దకు చేరుస్తూ గాజును నిర్మలంగా ఉంచుతుంది. ఆ పాళ్ళు కుదరకపోయినా, గాజులో మలినాలు ఉన్నా గోడ త్వరగా నల్లబడుతుంది. చవకగా చేసిన నకలు దీపానికీ, శ్రద్ధగా చేసిన దీపానికీ భేదం ఇక్కడనే. పైకి రెండూ ఒకే తీరున ఉంటాయి. మొదటి వారం ఒకే తీరున వెలుగుతాయి. భేదం నెలలు గడిచిన తరువాత తెర మీద తెలుస్తుంది.

దీపపు ఆయుర్దాయం అని పెట్టె మీద వ్రాసే గంటల అంకెకు కూడా ఒక అర్థమున్నది. అన్ని గంటల తరువాత అది ఆరిపోతుందని కాదు. సాధారణంగా వెలుగు మొదటి దానిలో సగానికి తగ్గే సమయం అని దాని భావం. అంటే మంచి దీపమైనా తన జీవితాంతంలో సగం వెలుగే ఇస్తుంది. ఆ సగానికి అది ఎన్ని వేల గంటలకు చేరుతుంది, ఎన్ని వందల గంటలకే చేరుతుంది అన్నదే ప్రశ్న. ఇంకా వెలుగుతున్నది గదా అని సంతృప్తి చెందే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. వెలగడం వేరు, చదివించడం వేరు.

ఇక లెక్కకు వద్దాము. మా అసలు దీపం 3,000 గంటలు పనిచేసినది. దాని స్థానంలో అదే రకం దీపాన్ని 11,000 రూపాయలకు కొని, అది కూడా అన్నే గంటలు వెలిగినదనుకొంటే గంటకు సుమారు 3 రూపాయల 67 పైసలు. 2,800 రూపాయల చవక దీపం 620 గంటలకు పూర్తిగా పోయినది. గంటకు సుమారు 4 రూపాయల 52 పైసలు. చివరి వరుసకు చుక్క కనబడనంతగా మసకబారినది 400 గంటల ప్రాంతంలో. పనికివచ్చిన గంటలనే లెక్కిస్తే గంటకు 7 రూపాయలు. ఇది మా ఒక్క హాలు అనుభవమే. మరొక చోట మరొక విధంగా జరగవచ్చును. కాని కొటేషన్లను సరిపోల్చిన రోజున ఈ భాగహారం చేయాలని మాలో ఒక్కరికీ తోచలేదన్నది మాత్రం విచారించదగ్గ విషయం. మేము దీపం ధర చూశాము. గంట ధర చూడలేదు. “మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్” అని మన ఇళ్ళలో పెద్దలు ఊరకే అనలేదు. ఎక్కువ పెట్టి కొన్నవాడు ఒకసారి ఏడుస్తాడు, తక్కువకు కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు.

ఆ దీపం పోయిన విధం కూడా చెప్పవలసి ఉన్నది. 2023 మార్చి నెలలో తరగతి జరుగుతుండగా యంత్రంలో “ఫట్” మని చప్పుడై చీకటి క్రమ్ముకొన్నది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. మేమూ నవ్వాము. బల్ల ఎక్కి మూత తెరవబోతున్న అటెండరును రసాయన శాస్త్ర శాఖ వారు పరుగున వచ్చి ఆపి, అందరినీ బయటకు పంపి కిటికీలు తెరిపించారు. పగిలినది పాదరసపు దీపమనీ, ఆ ఆవిరిని పీల్చడం మంచిది కాదనీ, గాజు పెంకులను వట్టి చేతులతో తీయరాదనీ అప్పుడు తెలిసినది. పేరున్న దీపమైనా పగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని గాజు మందంలోనూ సీలు వేయడంలోనూ పొదుపు చేసిన వస్తువు 200 రెట్ల పీడనాన్ని విద్యార్థుల తలల మీద మోస్తున్నదన్న ఊహ మాకు ఆ రోజు వరకు లేదు. కాలం తీరిన ఇట్టి దీపాలను చెత్తబుట్టలో వేయరాదు. 2016 నాటి ఇ-వ్యర్థాల నియమావళి పాదరస దీపాలను కూడా తన పరిధిలోనికి తెచ్చినది.

ఇంతవరకు చదివినవారు, “అయితే ఎంత ధరయినా కంపెనీ పేరున్న దీపాన్నే కొనమంటారా?” అని అడగవచ్చును. మా అభిప్రాయం అది కాదు. ఇక్కడ మూడు మాటలను వేరుచేసి చూడాలి. అసలు, నకలు, నకిలీ అనే ఈ మూడూ ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి మనవైపోయిన మాటలు. మన వ్యవహారంలో నకలు దోషం కాదు. దస్తావేజు నకలును రిజిస్ట్రేషను కార్యాలయమే ఇస్తుంది, కోర్టు అంగీకరిస్తుంది. తాను నకలునని అది చెప్పుకొంటుంది గనుక దానికి గౌరవం. నకిలీ అట్లా కాదు. అది అసలు పేరు పెట్టుకొని వస్తుంది. దీపాల విషయంలోనూ ఇంతే. ప్రొజెక్టర్లు తయారుచేసే సంస్థలలో చాలా భాగం ఆ దీపపు బుడ్డిని స్వయంగా చేయవు. ఫిలిప్స్, ఓస్రామ్, ఉషియో వంటి కొద్దిపాటి సంస్థలు చేసిన బుడ్డిని తీసికొని, తమ చట్రంలో అమర్చి, తమ పేరు వేసి అమ్ముతాయి. ధరలో కొంత భాగం వెలుగుకు, కొంత భాగం పేరుకు. అదే బుడ్డినీ దర్పణాన్నీ వేరొకరు తమ చట్రంలో అమర్చి, తమ పేరుతోనే నిజాయితీగా అమ్మితే అది కొనదగిన వస్తువే. పేరుకు పెట్టే సొమ్మును పొదుపు చేయడం వివేకం. వెలుగుకు పెట్టే సొమ్మును పొదుపు చేయడం అవివేకం.

మాకు వచ్చిన మూడు కొటేషన్లలో నడిమిది ఇటువంటిదే. 5,900 రూపాయల ఆ దీపాన్ని మేము మొదట ఎందుకు పరిశీలించలేదంటే, అది అన్నిటికంటె తక్కువదీ కాదు, అన్నిటికంటె పేరున్నదీ కాదు. కమిటీలకు ఈ రెండు కొసలే కనబడతాయి. 2023 జూన్‌లో దానినే తెప్పించాము. లోపలి బుడ్డి ఎవరు చేసినదో బిల్లు మీద వ్రాయించాము. వారంటీ కాలాన్ని కూడా వ్రాయించాము. రెండు విద్యాసంవత్సరాలలో అది 1,700 గంటలు వెలిగినది, ఇంకా చివరి వరుసకు చుక్క కనబడుతూనే ఉన్నది. ఈ పాటికే గంట ఖర్చు 3 రూపాయల 50 పైసల లోపుకు దిగినది. ఒక్క హెచ్చరిక అవసరం. దర్పణంతో కలిసి ఉన్న బుడ్డిని పాత చట్రంలో అమర్చడం వేరు, దర్పణం నుండి బుడ్డిని ఊడదీసి మరొక బుడ్డిని అతికించడం వేరు. రెండవది చేతిపనితో సరిగా కుదిరేది కాదు. నాభి తప్పిన దీపం ఎంత మంచిదైనా వ్యర్థమే.

మన సినిమాహాళ్ళ చరిత్రలో ఒక ఉపయోగకరమైన పాఠమున్నది. పూర్వం టూరింగు టాకీసులలోను, పట్టణపు హాళ్ళలోను కార్బన్ కడ్డీల చాపంతో బొమ్మ ఆడేది. కడ్డీలు కాలిపోతున్నకొద్దీ వాటి నడుమ ఎడం పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. ఆపరేటరు ప్రక్కనే ఉండి వాటిని దగ్గరకు జరుపుతూ ఉండాలి. ఆయన ఏమరుపాటున తెర మసకబారితే నేల టిక్కెట్టువారు ఈలలు వేసి, కేకలు పెట్టి, క్షణంలో దారికి తెచ్చేవారు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి తన వెలుగు తనకు రావాలన్న పట్టుదల ఉన్నది. మన తరగతిలో ఆరు నెలల పాటు తెర మసకబారితే ఒక్కరూ ఈల వేయలేదు. విద్యార్థుల మర్యాదను మేము వారి అంగీకారంగా పొరబడ్డాము. అన్నిటికంటె చవక టిక్కెట్టు కొన్నవాడు హాలులో తెరకు దగ్గరగా ఉండేవాడు, కేక వేసేవాడు. మన తరగతిలో అందరికంటె వెనుకబడి వచ్చినవారు చివరి వరుసలో కూర్చుంటారు, కేక వేయరు.

ఇదే మా అసలు వాదం. దీపాన్ని ఎన్నుకొనేవారు ఎవరు, దాని మసకను భరించేవారు ఎవరు? ఎన్నుకొన్న మేము నలుగురమూ ఆ చివరి వరుసలో ఒక్క గంట కూర్చున్నవారము కాము. మిగిలిన 8,200 రూపాయలను ఎవరి వద్ద నుండి పొదుపు చేశామో మాకు తెలియదు. అది సంస్థ ఖర్చులో నుండి మిగిలినదనుకొన్నాము. నిజానికి ఆ అమ్మాయి నోటు పుస్తకంలో నుండి మిగిలినది. మనవంటి చిన్న సంస్థలు పొదుపు చేయక తప్పదు. కాని ప్రతి పొదుపునకు ముందు, ఇది ఎవరి వాటాలో నుండి పోతున్నదని అడుగుకొనడం కూడా తప్పదు.

కావున మా సూచనలు కొన్ని. కొటేషన్లను దీపం ధరతో గాక, హామీ ఇచ్చిన గంటలతో భాగించి సరిపోల్చాలి. ప్రతి పరీక్షాకాలానికి ముందు ఒక అధ్యాపకుడు చివరి వరుసలో కూర్చుని తెర మీది అతి చిన్న అక్షరాన్ని చదివి చూడాలి. చదవలేకపోతే దీపం ఇంకా వెలుగుతున్నా దాని కాలం తీరినట్లే. క్రొత్త దీపం వేసినప్పుడు మాత్రమే గంటల లెక్కను సున్నకు త్రిప్పాలి. యంత్రం హెచ్చరిక చూపకుండా ఉండేందుకు పాత దీపానికే లెక్క త్రిప్పడం మనలను మనం మోసగించుకొనడమే. గాలి ఫిల్టరులోని దుమ్మును నెలకొకసారి దులపాలి. క్వార్ట్జ్ గాజును వ్రేళ్ళతో తాకరాదు, వ్రేలి జిడ్డు ఆ వేడికి గాజును చెడగొడుతుంది. పాఠం ముగియగానే గోడ మీది మీట నొక్కి కరెంటు తీసివేయరాదు. పంకా తిరిగి దీపం చల్లబడేవరకు ఆగాలి. కరెంటు తరచు పోయే చోట యంత్రాన్ని యు.పి.ఎస్. మీద నడపడం మేలు.

ఇప్పుడు లేజరుతో పనిచేసే ప్రొజెక్టర్లు వచ్చాయి. 20,000 గంటల వరకు వాటికి దీపం మార్చే పని ఉండదని తయారీదారులు చెబుతున్నారు. అవి వచ్చిన నాడు ఈ వ్యాసానికి పని ఉండదని కొందరు అనవచ్చును. అవి మన హాలుకు రావడానికి ముందు మళ్ళీ మూడు కొటేషన్లు వస్తాయి, మళ్ళీ నలుగురు కూర్చుంటారు. దీపం మారుతుంది గాని ప్రశ్న మారదు. మరొక్క మాట. ప్రొజెక్టరు లేకపోవడం తరగతికి లోపం కాదు. నల్లబల్ల మీద సుద్దముక్కతో పెద్దగా వ్రాసిన థకారం చివరి వరుసకు కూడా కనబడుతుంది. మసకబారిన ప్రొజెక్టరు మాత్రం లోపమే. ఎందుకంటే అది బోధించకుండానే బోధించామన్న తృప్తిని మనకు కలిగిస్తుంది.

ఆ తరువాతి వారం మేము తరగతిలో తప్పు మాదేనని ఒప్పుకొని, “అర్థాలంకారాలు” అని నల్లబల్ల మీద వ్రాసి, చుక్కను మరింత పెద్దదిగా పెట్టాము. ఆ అమ్మాయి నాలుగు పుటలలోనూ ఎఱ్ఱ సిరాతో చుక్కలు పెట్టుకొన్నది. మేము దిద్దిన తప్పులను మేమే కొట్టివేశాము. గ్రంథాలయంలో ఆ 8,200 రూపాయలతో కొన్న నిఘంటువులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో “అర్థము” అన్న మాట ఎదుట ఎన్నో భావాలు ఇచ్చారు. వాటిని తెరచినప్పుడల్లా ఆ సొమ్ము ఎక్కడి నుండి వచ్చినదో మాకు గుర్తుకు వస్తుంది. వచ్చే సంవత్సరం కొనుగోలు కమిటీలో కూర్చునేవారు ఎవరైనా, కాగితం మీద సంతకం చేయడానికి ముందు ఒక్కసారి వెళ్ళి ఆ చివరి వరుసలో కూర్చుని రావాలని మా సవినయ ప్రార్థన.